చర్చి తలుపు దగ్గర పళ్ల డాక్టరు

మా బావ దగ్గర ఎవరు ఏ మాట మాట్లాడినా దాన్ని రెండు గంపల్లో ఒకదాంట్లో పడేసేవాడు. నువ్వు ఇది చేయాలి, చేయలేదు అంటే ధర్మశాస్త్రం. నీకోసం ఇది అయిపోయింది, తీసుకో అంటే సువార్త. మూడో గంప ఆయన దగ్గర లేదు. పొద్దున్నే మా అక్క, "కొళాయి కట్టేయలేదు మీరు" అంటే, నోట్లో బ్రష్షుతోనే, "ఇది ధర్మశాస్త్రం. సువార్త ఏది?" అని అడిగేవాడు. "నేనే కట్టేశాలెండి" అనేది అక్క. "ఆమెన్" అని పుక్కిలించేవాడు.

వృత్తికి పళ్ల డాక్టరు. కుర్చీలో పడుకున్నవాడి నోరు తెరిపించి, అందులో అద్దం పెట్టి, ఇక అవతలివాడు ఎదురు చెప్పలేడని తేల్చుకున్నాక దైవశాస్త్రం మొదలుపెట్టేవాడు. పుచ్చు తొలిచి అలాగే పంపేసేవాడు కసాయి అనేవాడు. పుచ్చు తొలవకుండానే పైన సిమెంటు పూసేవాడు దొంగ. ప్రసంగమూ అంతే, తొలవాలి, నింపాలి. మా చర్చి సంఘంలో సగంమంది దైవశాస్త్రం నోరు తెరుచుకునే నేర్చుకున్నారు. మిగతా సగంమందికి పళ్లు బాగుండేవి.

ఆయన సంఘ పెద్ద కూడా. ఆదివారం తలుపు దగ్గర నిలబడే పని తనే అడిగి తీసుకున్నాడు. ప్రసంగంలో సువార్త వచ్చేదాకా ఎవరినీ బయటికి పోనిచ్చేవాడు కాదు. దగ్గు వచ్చినా, పసిపిల్ల ఏడ్చినా ఒకటే మాట: "ఇంకా రాలేదు, కూర్చోండి." ఒకసారి నాకు పక్కకి వెళ్లక తప్పని అవసరం వచ్చింది. చెవిలో చెప్పాను. ఆయన పాదిరిగారి వైపు చెయ్యి చూపించి, "అయ్యగారిని తొందరపడమను" అన్నాడు. కాన్వెంటు సిస్టర్లు నాకు నేర్పిన ఓర్పంతా ఆ ఒక్క ఆదివారం ఖర్చయిపోయింది.

అలాంటి సంఘానికి కొత్త పాదిరిగారు వచ్చారు. కుర్రాడు, మంచివాడు, సంఘాన్ని ఒక్క నెలలో బాగుచేద్దామనుకున్నవాడు. మొదటి ప్రసంగంలో ఆలస్యంగా వచ్చేవాళ్లనీ, చాడీలు చెప్పేవాళ్లనీ, పాటలు పాడకుండా పెదాలు కదిపేవాళ్లనీ ఉతికి ఆరేసి ఆమెన్ అనేశారు. బావ తలుపు తీయలేదు. జనం కదల్లేదు. పాదిరిగారు కంగారుపడి, మళ్లీ పైకెక్కి, దేవుణ్ణి ప్రేమించండి, సంతోషంగా ఉండండి అన్నారు. అది కూడా పని చెప్పడమేనని బావ తల అడ్డంగా ఊపాడు. ఆఖరికి పాదిరిగారు చెమట తుడుచుకుంటూ, "క్రీస్తు మీకోసం చనిపోయాడు, మీ పాపాలు పోయాయి" అన్నాక గానీ గడియ కదల్లేదు. అప్పటికి జనం కడుపుల్లో మోత చర్చి గంటని మించిపోయిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

మర్నాడే కమిటీ కూర్చుంది. డాక్టరుగారి చాదస్తం ముదిరిందని అందరూ ఒప్పుకున్నారు. తలుపు దగ్గర పని తీసేసి ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. బావ వాదించలేదు. వెనక్కి తిరిగి చూస్తూ మాత్రం కూర్చున్నాడు. మెడ పట్టేస్తుందని అక్క గిల్లినా మానలేదు.

ఆ వెనక, చివరి బెంచీలో టైలరమ్మ ఉండేది. ఒకప్పుడు మా ఆర్గన్ ఆవిడే వాయించేది. తోడబుట్టిన చెల్లెలితో మాటలు లేవు. ఆ చెల్లెలు మంచాన పడి ఫోను చేస్తే, ఆ మోత వినబడకుండా ఈవిడ కుట్టుమిషను గట్టిగా తొక్కుతూ కూర్చుంది. ఆ వారమే చెల్లెలు పోయింది. అప్పటినుంచి ఆర్గన్ మీద గుడ్డ కప్పేసింది. ప్రభు భోజనమప్పుడు రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ముందుకు రాదు. ప్రసంగం సగంలోనే లేచిపోవాలని చూసేది. నీ తప్పేం లేదమ్మా అని ఊరంతా చెప్పింది. ఆవిడ ఇంకాస్త చిక్కిపోయింది.

ఆ ఆదివారం పాదిరిగారు, బలిపీఠం దగ్గరికి వచ్చేముందు నీ సహోదరుడితో సమాధానపడు, రాజీపడు అనే వాక్యం తీసుకున్నారు. సగంలో ఉండగానే టైలరమ్మ లేచింది. తలుపు దగ్గర ఎవరూ ఆపలేదు. బావ లేచి ఆవిడ వెనకే వెళ్లాడు. నేను ఆయన వెనకే.

మెట్ల మీద ఆవిడ చెప్పులు వేసుకుంటోంది.

"నాకు ఇందులో వాటా లేదు డాక్టరుగారూ. చెల్లెలు లేదు, ఇంక ఎవరితో సమాధానపడను? తప్పు నాది కాదని మాత్రం చెప్పకండి, విని విని విసుగొచ్చింది."

"తప్పు మీదే," అన్నాడు బావ.

నేను ఆయన చొక్కా పట్టి లాగాను. ఆవిడ మాత్రం చాలా రోజుల తర్వాత ఎవరో తన మాట విన్నట్టు ఆయన ముఖంలోకి చూసింది.

"ఆ తప్పు కోసమే క్రీస్తు చనిపోయాడమ్మా. లేని తప్పుకి క్షమాపణ ఎందుకు? ఆ తప్పు ఇప్పుడు మీ దగ్గర లేదు, ఆయన తీసేశాడు."

"మీరు చెబితే సరిపోతుందా? అయ్యగారు కదా చెప్పాలి."

బావ గిరుక్కున తిరిగి లోపలికి పోయాడు. ప్రసంగం మధ్యలో, అందరూ చూస్తుండగా, పాదిరిగారితో, "రెండో సగం, సువార్త, బయట కావాలి" అన్నాడు. ఆ కుర్రాడి గొప్పతనం ఏమిటంటే, ఎందుకని అడగలేదు. అంగీ ఎత్తి పట్టుకుని మెట్లు దిగి, ఆవిడ తలమీద చెయ్యి పెట్టి, తండ్రి కుమార పరిశుద్ధాత్మ పేరున నీ పాపాలు క్షమించబడ్డాయి అన్నారు. టైలరమ్మ చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

పాదిరిగారు బావ వైపు తిరిగారు. "ఇన్నాళ్లూ తలుపు దగ్గర నిలబడింది ఈవిడ కోసమా? మరి అందరినీ ఎందుకు ఆపారు?"

"ఆవిణ్ణి ఒక్కదాన్నే ఆపితే అందరూ ఆవిడనే చూస్తారు కదండీ. నన్ను చూసి నవ్వుకోనిస్తే పోలేదా?"

ఇక నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదనుకున్నాను, కానీ టైలరమ్మ మిగిల్చింది. తర్వాతి ఆదివారం ఆర్గన్ మీది గుడ్డ తీసి, దుమ్ము దులిపి, కూర్చోబోతూ ఆగి, ముందు వరసలో ఉన్న బావ దగ్గరికి వచ్చింది.

"డాక్టరుగారూ, మీరు పాడుతుంటే జనం ప్రాణాలు తోడేసినట్టుంటుంది. ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు."

బావ ముఖం వాడిపోయింది.

"ఏం ఫరవాలేదు, హాయిగా పాడండి," అంది ఆవిడ. "నేను గట్టిగా వాయిస్తాను."