వాలులో ముందు నడిచినవాడు

గుర్రాల మీద పుస్తకాలు బోలెడు చదివాను. స్వారీ చేసినవాడి కీర్తి పేజీలకు పేజీలుంటుంది, లాడం కొట్టినవాడికి ఒక్క వాక్యం దక్కదు. అందుకే ఈ నాలుగు మాటలు. ఏడాదిపాటు నేను అద్దెకున్న ఇంటాయన్ని అందరూ లాడాల మామ అనేవారు.

అక్కడి రాతి క్వారీలో ఓ ఆనవాయితీ ఉండేది. కుంటిన గుర్రానికి లాడం మార్చినవాడు, అది మళ్లీ పనిలోకి వచ్చిన రోజు మొదటి బరువు లాగే బండికి ఎదట, వాలులో నడవాలి. వెనక్కి చూశాడంటే తన పని మీద తనకే నమ్మకం లేనట్టు.

బూడిదరంగు ఆడగుర్రానికి ముందు కుడి గిట్ట మడమ దగ్గర చీలింది. మామ రెండు నెలలు దాన్ని ఆకురాయితో అరగదీసి, చివరికి మడమకు ఆసరాగా అడ్డపట్టీ ఉన్న లాడం బిగించాడు. "ఇవాళ బరువుతో వాలు దిగకపోతే కబేళాకే" అన్నాడు మేనేజరు. బండి తోలేది మామ బావమరిది.

ఆ పొద్దున మామ బయల్దేరాడు. వాళ్లావిడ, అందరికీ అత్త, చక్రం కింద అడ్డుపెట్టే చెక్క దిమ్మె చంకన పెట్టుకుంది.

"నువ్వెక్కడికే?"

"చక్రం పక్కన నడుస్తా. ముందుండేది మొగుడు, పైనుండేది తమ్ముడు. ఇంట్లో కూర్చుని ఎవరికని ఏడవను?"

ఇళ్ల మధ్య ఇరుకు సందు, నిట్టనిలువు వాలు. నేను బండి వెనకే నడిచాను. సగం దిగాక గుర్రం గిట్టల చప్పుడులో ఒక్క అడుగు ఆలస్యంగా పడింది. పక్కనే ఓ గుమ్మం కనిపించిందనీ, అందులోకి దూరితే తాను దక్కేవాణ్ణనీ తర్వాత చెప్పాడు మామ. దూరలేదు.

"మెల్లగా లాగరా బ్రేకు! ఏమే, దిమ్మె!"

అత్త దిమ్మె తోసింది. బండి మీది బండలన్నీ ఒక్కసారి మూలిగి ఆగాయి. మామ వెనక్కి తిరిగాడు.

"తిరిగావేంటి? నమ్మకం లేదా?" పైనుంచి మేనేజరు కేక.

"లేదు! మేకు నేనే మరీ లోపలికి కొట్టాను. తప్పు నాది, దానిది కాదు!"

పైన వాలులో బండెడు రాయి తన మీదికి పొంచి ఉండగానే, గిట్టను మోకాళ్ల మధ్య ఇరికించి, పట్టకారుతో మేకు లాగాడు. నెత్తురు లేదు. ఒత్తుకుందే గానీ గుచ్చుకోలేదు. గుర్రం కాలు పూర్తిగా ఆనించింది.

"బావా, ఇక తప్పుకో."

"నోర్మూసుకుని పగ్గం చూసుకో."

ఈసారి గుర్రానికి ముఖాముఖి తిరిగి, ఆ గిట్ట మీదే చూపు నిలిపి, వెనక్కి వెనక్కి నడిచాడు. అడుగు తడబడితే చక్రాల కిందికే. చదును నేల తగలగానే మామ కూలబడ్డాడు.

"లే" అంది అత్త.

"కాళ్లు రావడం లేదే."

"నీకూ లాడాలు కొట్టించాలేమో!" నవ్వబోయి ఏడ్చేసింది.

కాసేపటికి పైనుంచి రెండో బరువుకు పిలుపొచ్చింది. దానికి ముందు ఎవరూ నడవక్కర్లేదు. మామ లేచి, మోకాళ్లు దులుపుకుని, గుర్రంతో పాటు పైకి నడిచాడు.