బస్తాకి గుచ్చినట్టు పుస్తకానికి గుచ్చితే

సభలో నవ్వులపాలైనవాళ్లని మీరు చాలామందిని చూసి ఉంటారు. చప్పట్లపాలై మునిగినవాణ్ణి చూసి ఉండరు. వాణ్ణి నేనే. కాస్త సర్దుకుని కూర్చోండి, నా మునక మెల్లగా సాగుతుంది.

కొత్తవలసలో నాది ధాన్యం వ్యాపారం. పదో తరగతిలో లెక్కలు ఒక్కటే నా పక్షాన నిలబడితే, మిగతా సబ్జెక్టులన్నీ ఏకమై నన్ను ఓడించాయి. ఆ తర్వాత తూకం, తేమ శాతం, వడ్డీ, చివరికి డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషు కూడా నాకు నేనే నేర్చుకున్నాను. సొంతంగా నేర్చుకోవడంలో ఒక సుఖం ఉంది. తప్పని చెప్పే మేష్టారుండడు.

మా ఊరి చదువరుల సంఘానికి గది ఉంది, కుర్చీలున్నాయి, పాత వారపత్రికలున్నాయి. పుస్తకాలే లేవు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన సావిత్రి మేడమ్ దగ్గరేమో, అమెరికా చరిత్ర, సంస్కృతి, కవిత్వం మీద ఏటేటా తెప్పించుకున్న కొత్త పుస్తకాలు రెండు బీరువాలున్నాయి. ఆవిడ ఇల్లు మారుతున్నారు. "చదివేవాళ్లుంటే మీకే ఇస్తాను. లేదంటే విశాఖలో ఏ కాలేజీకో పంపేస్తాను" అని, పరీక్షగా ఒక పుస్తకం ఇచ్చారు. అమెరికా పత్తిచేల చరిత్ర, ఆ చేలల్లో పుట్టిన కవిత్వం. ఆదివారం సభలో దాని గురించి ఒకరు మాట్లాడాలి.

సంఘం అధ్యక్షుడు మా బావ సింహాచలం. ఆ పుస్తకాన్ని రెండు చేతులా మోసుకొచ్చి నా కాటా మీద పెట్టాడు. కిలోకి పైనే తూగింది.

"బావా, మనూల్లో ఇంగిలీసు డిక్సనరీ ఉన్నోడివి నువ్వే. నువ్వే మాటాడాల."

"సర్లే, అదేటంత పని?"

"ఆదోరం లోపల ఇదంతా సదివేస్తావేటి?"

"ఒరే బావా, బస్తాలో బియ్యం ఎలాగున్నాయో తెలియాలంటే బస్తా అంతా వండుకు తినేస్తామేటి? పైనొకసారి, నడుమొకసారి, అడుగునొకసారి గొట్టం గుచ్చి గుప్పెడు లాగితే సాలదా?"

"బీరువాలు గానీ పోయాయంటే ఊరంతా నన్నే తిడతాది!"

"ఎక్కడికీ పోవు, సూడు."

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుందంటారు. నేను మూడు మెతుకులు పట్టాను. అంటే సామెతకి మూడు రెట్లు జాగ్రత్త. పైన గుచ్చితే రచయిత్రి తన కుక్కకి కృతజ్ఞతలు చెబుతోంది. నడుమ గుచ్చితే పేజీ నిండా ఫొటో. అడుగున గుచ్చేసరికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. చిన్న చిన్న పంక్తులు. క్రియలు లేవు. పంక్తి చివర అంకెలు! చరిత్ర ముందు, కవిత్వం వెనక కాబోలు, ఇదే ఆ కవిత్వం అని తేల్చేశాను. అంకెలు వేసి రాసే కవులున్న దేశం మీద అమాంతం గౌరవం పుట్టుకొచ్చింది. బేరాలు మానుకుని దాన్ని తెలుగు చేశాను.

ఆదివారం గది నిండింది. కుక్క గురించి రెండు ముక్కలు చెప్పి, గొంతు సవరించుకుని రాగం తీశాను.

"పిల్లలు, చేలో: పద్నాలుగు, యాభై, అరవై మూడు, నూట ఏడు...
పిల్లలు, బడిలో: రెండువందల పది.
ఆకలి: అన్ని చోట్లా.
జీతాలు: అప్పులు చూడుము."

"ఆహా!" మా ఊరి కవి 'ప్రళయ' గారు లేచి నిలబడ్డారు. "జీతాలు, అప్పులు చూడుము! మల్లీ సదవండి, మల్లీ!"

మళ్లీ చదివాను. చప్పట్లు. నాకు పూనకం వచ్చింది.

"సూడండి! సేలో పిల్లలకి ఇన్ని అంకెలు, బల్లో పిల్లలకి ఒకటే అంకె! కవి ఇక్కడ ఏడుస్తన్నాడు!"

సావిత్రి మేడమ్ కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. బీరువాలు వచ్చేసినట్టే అనుకున్నాను. చప్పట్లు ఆగాక ఆవిడ లేచారు.

"చాలా బాగా పాడారు. కానీ అది కవిత్వం కాదండీ. ఏ సంగతి ఏ పేజీలో ఉందో వెతుక్కోవడానికి పుస్తకం చివర వేసే పట్టిక."

ఆ క్షణంలో ఇనుప ఖనిజం కోసం మా ఊరి మీదుగా కిరండూల్ వెళ్లే గూడ్సు బండి వస్తే ఖాళీ వ్యాగన్‌లో దూకేసేవాణ్ణి. అవసరానికి బండీ రాదు.

"నాకు ముందే అనుమానమొచ్చింది" అన్నారు ప్రళయ గారు, కూర్చుంటూ.

"గొట్టం గుచ్చీసి మా కొంప ముంచీసినావు కదరా బావా!" అని సింహాచలం తల పట్టుకున్నాడు. "సమించండి మేడమ్. బీరువాలు విశాఖే పంపీండి."

"ఎందుకు? కాలేజీలో పుస్తకాలు చాలానే ఉన్నాయి" అన్నారు ఆవిడ. "చదివేవాళ్లకి ఇద్దామనుకున్నాను, పొరపాటు. పట్టిక పాడితే ఇన్ని చప్పట్లు కొట్టిన ఊరికి పుస్తకాల అవసరం ఇంకెక్కువ. రేపే పంపిస్తాను."

అలా మా ఊరి అజ్ఞానమే మా ఊరికి గ్రంథాలయం సంపాదించి పెట్టింది. ప్రళయ గారు మాత్రం ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. పోయినేడు ఆయన వేసిన కవితా సంపుటిలో ప్రతి పంక్తి చివరా అంకెలున్నాయి. ముందుమాట నన్నే రాయమన్నారు. మొత్తం చదివాకే రాస్తానన్నాను. ఆయన మళ్లీ రాలేదు.

కనుక పాఠకులారా, నా కాటా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక నా కంఠంలో ప్రాణం ఉండగా ఏ పుస్తకానికీ గొట్టం గుచ్చను. మొదటి పేజీ నుంచి చివరి పంక్తి దాకా చదువుతాను, కుక్కకి చెప్పిన కృతజ్ఞతలతో సహా.