కొత్త ట్రాక్టరుకు మొదటి బెల్లం

మామ కొత్త ట్రాక్టరు నీళ్ల మూత తీసి, అందులో కొబ్బరికాయంత బెల్లం ముద్దను విరిచి విరిచి వేయడం నేను కళ్లారా చూశాను. ఆ మధ్యాహ్నానికే అది చేను నడిమధ్యన ఆవిరి కక్కి ఆగిపోయింది. నువ్వు చూశావా అని ఆసామి అడిగితే చూశానని చెప్పాను. అబద్ధం ఒక్క అక్షరం కూడా ఆడలేదు. ఆ తర్వాత మామ ముఖం మళ్లీ చూసింది మూడు రోజులే.

మొన్న అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు వెళ్లే దారిలో ఒక ట్రాక్టరు ముందు రేకు ఎత్తుకుని నిలబడి ఉంది. డ్రైవరు నీడన కూర్చుని ఫోనులో ఎవరినో రమ్మంటున్నాడు. నీళ్లు తగ్గాయేమో చూడరాదా అన్నాను ఊరుకోలేక. అతను నన్ను ఎగాదిగా చూసి, తాను తోలడం వరకేననీ, లోపలి సంగతి కంపెనీ వాళ్లు వచ్చి చూసుకుంటారనీ అన్నాడు. పక్కన బళ్ల మీంచి కొత్త బెల్లం వాసన వేస్తోంది. ఇంటికి వచ్చాక కూడా ఆ వాసన నన్ను వదల్లేదు.

పంతొమ్మిది వందల నలభైల నాటి మాట. అమ్మ పోయాక నేను మాకవరపాలెం నుంచి మామ దగ్గరికి వచ్చాను. ఆయన అమ్మకు తమ్ముడు, పెళ్లి చేసుకోలేదు. దేవరాపల్లి దారిలో ఒక ఆసామి చెరకు తోటలో ట్రాక్టరు తోలేవాడు. అక్కడే ఆసామికి ఉత్తరాలు రాసిపెట్టే పని నాకు దొరికింది. ట్రాక్టరు పాకను ఆనుకుని ఉన్న ఒక్క గదిలో మామా అల్లుళ్లం ఇద్దరమే వండుకు తినేవాళ్లం.

ఆ పాత ట్రాక్టరు గురించి ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు. వెనక చక్రాలు రెండూ నిలువెత్తు ఇనుము, వాటి చుట్టూ నేలను కరిచే ఇనప పళ్లు. రోడ్డెక్కితే కంకరంతా లేచిపోతుందని అది తోట దాటి ఎరగదు. ముందు కాస్త పెట్రోలు పోసి, ముక్కు దగ్గర హ్యాండిల్ పెట్టి తిప్పి, ఇంజను వేడెక్కాక కిరసనాయిలుకు మార్చాలి. ఒకసారి ఆ హ్యాండిల్ వెనక్కి తన్ని మామ కుడి మణికట్టు విరిచింది, అది వంకరగానే అతుక్కుంది. యుద్ధం రోజుల్లో కిరసనాయిలు దొరక్క నెలల తరబడి పాకలో పడి ఉన్నా మామ రోజూ దాన్ని తుడిచేవాడు. దాని నీళ్ల తొట్టి బిందె మూతి అంత వెడల్పు. నీళ్లు మరిగి పొంగిపోతూనే ఉండేవి, గంటకోసారి కాలువ నీళ్లు తెచ్చి నింపుతూనే ఉండేవాళ్లం.

మా వైపు చెరకు ఆడే కాలంలో పెనం నుంచి దింపిన మొదటి బెల్లం గానుగెద్దు నోటికి అందించి గానీ మనుషులు రుచి చూడరు. మామ ఏటా అందులోంచే నిమ్మకాయంత ముద్ద దాచి ట్రాక్టరు నీళ్లలో వేసేవాడు. ఇదేం పని అని నేను మొదటి ఏడాది నవ్వితే, "ఏటిరా అల్లుడూ, ఎద్దుకెడతాం గానీ దీనికెట్టమా? ఇది మాత్రం దున్నతన్నాది కాదా?" అన్నాడు. ఆ బెల్లం పొంగే నీళ్లతో పాటు ఎప్పటికప్పుడు బయటికి పోయేది. ఇంజనుకు ఏ ఏడూ ఏమీ కాలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు రబ్బరు టైర్లది దిగింది. ఎర్రటి రంగు, మెత్తటి సీటు, మీట నొక్కితే చాలు పలికే ఇంజను. పట్నం దాకా రోడ్డు మీదే దర్జాగా పోయి రాగలదు. దాంతోపాటు ఒక డ్రైవరు కూడా వచ్చాడు. మామను ఉంచాలో మాన్పించాలో మొదటి చేను దున్నాక చూద్దామన్నాడు ఆసామి. కూలీలకు అదంతా వేడుకగానే ఉంది. "ఏటి బావా, నీ ఇంటిదానికి సవితొచ్చిందట కదా!" అని ఒకడంటే, "ఒత్తే రానీ, ఇద్దర్నీ ఏలుకుంతాను. నీకొక్కతికే గతి లేదు, నీకెందుకురా?" అన్నాడు మామ. అందరూ నవ్వారు, మామ కూడా నవ్వాడు. ఆ రాత్రి మాత్రం అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

తెల్లవారి ఆ పెద్ద ముద్ద వేశాడు. కొత్తదాని లోపల నీళ్లు తిరిగే గొట్టాలు చీపురు పుల్లలంత సన్నం, బెల్లం పాకమై వాటిలో బిగుసుకుపోయింది. పట్నం నుంచి వచ్చిన మెకానిక్కు సాయిబు అడుగు మర విప్పి, కారిన నీళ్లను వేలితో నాలిక్కి రాసుకుని, "అరె, ఇది ఇంజనా, పానకం కుండా?" అని పగలబడి నవ్వాడు. ఇంజను తల పగిలిందని తేలాక ఆ నవ్వు ఆగిపోయింది. సామాను మద్రాసు నుంచి రావాలి, దున్నే అదను దాటిపోతుంది. ఎవరో కావాలనే చేశారన్నాడు ఆసామి.

"నువ్వు సూసేవా లేదా? ఆ ఒక్క ముక్కా సెప్పు" అని నన్ను నిలదీశాడు.

చూశానన్నాను. ఎంత బెల్లమంటే కొబ్బరికాయంత అన్నాను. ఏటా పాతదానికి కూడా వేసేవాడని, అది ఆయనకు ఎద్దుకు పెట్టడం లాంటిదేనని అనలేదు. ఆ సంగతి ఆసామి అడగలేదు. మామ అక్కడే నిలబడి ఉన్నాడు, ఆ మాట ఆయనా చెప్పుకోలేదు. తర్వాత ముప్ఫై ఏళ్లు పత్రికలో పనిచేశాను. చూసింది చూసినట్టు రాస్తానని అక్కడ నన్ను మెచ్చుకున్నప్పుడల్లా ఆ పాకే గుర్తొచ్చేది.

మూడో రోజు పొద్దున్నే మామ చాప చుట్టుకుని ఖరగ్‌పూర్ రైలుకు బయలుదేరాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. "సూసిందే సెప్పేవు, తప్పేటుంది?" అని నా భుజం తట్టాడు. ఆ వంకర చేత్తోనే. స్టేషను దాకా నేను వెళ్లలేదు. ఆ సాయంత్రం అలవాటుగా ఇద్దరికీ బియ్యం పోసి, తర్వాత సగం తీసేశాను. పాత ట్రాక్టరును మళ్లీ ఎవరూ తిప్పలేదు, ఆ ఏడాదే పాత ఇనుము కింద పోయింది.

ఇప్పటి ట్రాక్టర్లకు అద్దాల గది, చల్లగాలి, పాటలు. ఒక్క వేలితో మలుపు తిరుగుతాయి. వాటికి దాహమేస్తుందని ఎవరూ అనుకోరు, మొదటి బెల్లం దాచే మనిషీ లేడు. మనుషుల చేతులు విరగడం లేదు, అందుకు సంతోషమే. అప్పట్లో మామ ఊరు విడిచాక, ఇంజను బిగించడానికి మళ్లీ వచ్చిన మెకానిక్కు సాయిబుకు పాతదానికి ఏటా వేసే ముద్ద సంగతి చెబితే, నాతో ఒక మాట అన్నాడు. నిమ్మకాయంత అయితే ఇంజను ఓర్చుకునేదేమో బాబూ అని.

మామ దగ్గర్నుంచి ఉత్తరం ఎన్నడూ రాలేదు. ఖరగ్‌పూర్‌లో రైల్వే పనుల్లో ఉన్న మా వైపు వాళ్లను ఎందరినో అడిగాను, ఎరిగినవాళ్లు లేరు. కొత్తది కదా అని ముద్దుగా అంత పెద్దది పెట్టాడో, మరెందుకు పెట్టాడో, ఆ మూడు రోజులూ ఒకే గదిలో పడుకుని కూడా నేను అడగలేదు.