కట్టెలు ఆరినయా?

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడిన ఏడాది నా చదువు ఆగింది. ఆ తర్వాత రెండేళ్లకు పెద్దవంగర దగ్గరి ఒక పల్లెకు కోడలిగా వచ్చాను. జనగామలో మా బాపు గుమాస్తా. మా ఇంట్లో వంటంతా వత్తుల స్టవ్వు మీదే. పిడి ఇటు తిప్పితే మంట పెరిగేది, అటు తిప్పితే ఆరేది. అత్తగారింటి మట్టిపొయ్యికి పిడి లేదన్న సంగతి నా చేతులకు ఎక్కడానికి చాలా రోజులే పట్టింది. నేను ఊదుగొట్టం పట్టుకుంటే పొయ్యి కన్నా ముందు నా కళ్లు ఎర్రబడేవి.

మా అత్తమ్మ దేనికీ భయపడే మనిషి కాదు, పొయ్యికి తప్ప. వంటిల్లు గడ్డి కప్పిన కొట్టం, అసలు ఇంటిని ఆనుకునే ఉండేది. చెంగు బొడ్లో దోపుకున్నాకే పొయ్యి ముందు కూర్చోవాలి. వంటవగానే మండే కట్టెలను బయటికి లాగి, కొసల మీద నీళ్లు చల్లాలి. గడప దగ్గర కుడితి కుండ ఎప్పుడూ నిండుగా ఉండాలి. అన్నిటికీ తలూపాను. తలూపడంలో నాకు మంచి అనుభవం ఉంది.

ఆ వానాకాలం నాలుగు రోజులు ముసురు విడవలేదు. కట్టెలన్నీ తడిసిపోతే, అత్తమ్మ చెప్పినట్టే పొయ్యికి ఎడంగా నిలబెట్టి ఆరబెట్టాను. త్వరగా ఆరాలని తెల్లవారి కొంచెం దగ్గరికి జరిపాను. ఆ పొద్దున నేనూ అత్తమ్మా పాలకుర్తిలో ఆమె చెల్లెలింట్లో పురిటికి పోవాలి. మగవాళ్లు పొలానికి వెళ్లారు. ఇంట్లో మిగిలేది అవ్వ ఒక్కతే. అవ్వ అంటే మా మామ తల్లి. నడుము పడిపోయి, డేకుతూ తప్ప కదలలేదు.

బయల్దేరుతుంటే అత్తమ్మ వాకిట్లోంచి అడిగింది: "కట్టెలు ఆరినయా?"

నేను లోపలికి వెళ్లి తట్టి చూశాను. గలగలమన్నాయి.

"మంచిగ ఆరినయి అత్తమ్మా."

బస్సు ఊరు దాటి కొంతదూరం పోయాక అత్తమ్మ మళ్లీ అడిగింది, నీళ్లు బాగా చల్లావా అని.

"ఆరినంక మల్ల తడుపుడెందుకు అత్తమ్మా?" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. అప్పుడు తెలిసింది. ఆమె అడిగింది పొయ్యిలో కట్టెల గురించి. నేను చెప్పింది పొయ్యి పక్కన కట్టెల గురించి. ఇద్దరం ఒకే మాట అన్నాం, రెండు ఇళ్లలో ఉన్నట్టు. లోపల కట్టె మండుతూనే ఉంది. దాని చుట్టూ నేను శ్రద్ధగా ఎండబెట్టిన కట్టెలు. పైన కప్పు వానకు తడిసినా, అడుగున మసిపట్టి ఎండిన గడ్డే. గోడకు అటువైపు అవ్వ.

కండక్టర్ గొణుగుతూనే బస్సు ఆపించాడు. వెనక్కి నడిచాం. అత్తమ్మ ముందు, నేను వెనక. నా చెప్పు ఒకటి బురదలో దిగబడింది. ఆగి తీసుకునే ధైర్యం లేక వదిలేశాను. ముసురులో ఊరంతా ప్రతి ఇంటి మీదా పొగే. ఏ పొగ మాదో తెలియక, కనబడ్డ ప్రతి పొగకూ నడక వేగం పెంచాను.

"గా పొగ మన దిక్కు కాదు," అంది అత్తమ్మ, నాకో తనకో.

కొట్టంలోంచి తెల్లటి పొగ వస్తోంది. గడపలో కుడితి కుండ బోర్లపడి ఉంది. ఆ తడిలోనే అవ్వ కూర్చుని ఉంది, మోచేతుల దాకా మసితో. సగం కాలిన కట్టెలు రెండు పక్కన పడి ఉన్నాయి. వాటిని చేత్తోనే లాగినట్టుంది, అరచేతిలో బొబ్బలు లేచాయి.

నన్ను చూసి అవ్వ అంది: "నువ్వు వాకిట్ల చెప్పింది ఇన్న బిడ్డా. పొద్దుగాల నువ్వు ఆరబెడితివి. గిప్పుడు నేను ఆర్పిన."

అత్తమ్మ ఆ చేతులను నీళ్ల చెంబులో ముంచి పట్టుకుని, అప్పుడు ఏడ్చింది. నేను పొయ్యిలో మిగిలిన నిప్పు మీద నీళ్లు చల్లాను, అది బుస్సుమనడం ఆగేదాకా, ఆగాక కూడా.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మాటే పోయింది. బట్టలు ఎండేవి, పొయ్యి చల్లబడేది, ఏదీ ఆరేది కాదు. ఆ రోజు సాయంత్రమే నేను కుడితి కుండ కడిగి మళ్లీ నింపాను. పొయ్యి వెలిగించబోతుంటే, అవ్వ తన మంచాన్ని వంటింటి గుమ్మానికి ఎదురుగా వేయించుకుంది. ఎందుకని అడిగితే, ఇటు గాలి మంచిగా వస్తుందంది.

ఆ వైపు గాలి ఎన్నడూ రాదు.