జేబులో తూకపురాళ్లు

నేను రోగుల్ని మోసే సర్జరీ వార్డులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. తూకాలమ్మ అంటే చాలు. ఆపరేషన్‌కు వచ్చిన ప్రతి మనిషినీ తూకం మిషనెక్కించి, బట్టలు వదులయ్యాయా, తిండి తగ్గిందా అని గుచ్చిగుచ్చి అడగడం ఆమె ఉద్యోగం. ఒంట్లో సత్తువ లేనివాణ్ణి కోస్తే కుట్లు నిలవవు. ఆమె తండ్రికి అలాగే ఒక్క దగ్గుకు కుట్లు విచ్చుకుపోయాయి. బయటపడ్డ పేగుల్ని చేతులతో అదిమిపట్టుకున్నది ఈమే. అందుకే ఆమె వద్దంటే పెద్ద డాక్టరు కూడా ఆగుతాడు. నోరు మాత్రం మహా చెడ్డది.

ఒకసారి మాంసం కొట్టు అన్నదమ్ములు వచ్చారు. అన్నకు పొట్టలో గడ్డ. ఒకప్పుడు బజారంతటినీ హడలగొట్టిన మనిషి. తమ్ముడి ముక్కు వంకరపోయింది అన్న పిడికిలి వల్లే. దాన్ని కూడా గొప్పగా చెప్పుకునేవాడు తమ్ముడు. "ఇంకా బరువు తగ్గితే ఆపరేషన్ వాయిదా" అని తూకాలమ్మ ముందే హెచ్చరించింది. వాయిదా అంటే చావేనని తమ్ముడు ఖాయం చేసుకున్నాడు.

రేపు ఆపరేషన్ అనగా, ఆ ఉదయం మిషన్ మీద అన్న బరువు పెరిగింది. చూస్తే బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. తూకాలమ్మ అతని ప్యాంటు జేబు పట్టి లాగింది. గుడ్డ చిరిగి, కొట్టులోని ఇనప తూకపురాయి సరాసరి ఆమె కాలిమీద పడింది.

"ఎవడ్రా పెట్టింది? కొట్లో చేసే మోసం నా దగ్గరా?"

"నేనే పెట్టా! రేపు కోయించకపోతే నిన్ను కోస్తా!"

తమ్ముడు ఆమె జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లింది. నేను అడ్డం వెళితే మోచేత్తో డొక్కలో పొడిచాడు. మిషన్ ఎత్తి నేలకేసి బద్దలు కొట్టాడు. వాణ్ణి చంపేయాలనిపించింది నాకు. తూకాలమ్మ ఊరుకునే రకమా? పడిన రాయే తీసి వాడి మోకాలిమీద ఒక్కటిచ్చింది. వాడు ఆమె గొంతు పట్టుకున్నాడు.

అప్పుడు లేచాడు అన్న. "ఆడమనిషి మీద చెయ్యేస్తావురా?" అని, ఉన్న బలమంతా కూడదీసుకుని తమ్ముడి ముక్కు మీద గుద్దాడు.

ఈగ వాలినట్టయింది. గుద్దినవాడే తూలి మంచం మీద కూలబడ్డాడు. తమ్ముడి చెయ్యి ఆమె గొంతు మీంచి జారిపోయింది.

"ఇంకోసారి కొట్టన్నా... గట్టిగా కొట్టన్నా."

అన్న కొట్టాడు. ఈసారీ అంతే. తమ్ముడు నేలమీద చతికిలబడి భోరుమన్నాడు.

తూకాలమ్మ నెత్తురు ఉమ్మింది. "తెలిసిందా? ఈ ఒంటిని రేపు కోయిస్తే శవాన్ని మోసుకెళ్తావు. బలం పట్టించు. మీ అన్న గుద్దుకు నీ ముక్కు పగిలిన రోజు నా దగ్గరికి రా."

పోలీసుల్ని పిలుస్తానని నేను గెంతుతుంటే ఆపింది. "వీణ్ణి తీసుకుపోతే వాళ్లన్నకు బలానికి పాలు తాగించేదెవరు, నువ్వా?"

ఆమె చెప్పినట్టే తమ్ముడు గుడ్డు కలిపిన పాలు గుక్కగుక్కగా తాగించాడు. అన్న కక్కుకుంటే తుడిచి, తిట్టి, బతిమాలి మళ్లీ తాగించాడు. రోజూ పొద్దున్నే మొహం ముందుకు చాపి "కొట్టన్నా" అనేవాడు. ఏమీ కాకపోతే గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు.

కొన్ని వారాలకు ఒక ఉదయం వరండాలో కేకలు. మళ్లీ ఎవర్ని కొడుతున్నాడోనని నేను కర్ర అందుకున్నాను. తమ్ముడు పరుగెత్తుకొస్తున్నాడు. ముక్కులోంచి నెత్తురు చొక్కా మీదికి కారుతోంది, తుడుచుకోవడం కూడా లేదు.

"అక్కా! పగిలిందక్కా! చూడు! ఇక కోయమని చెప్పక్కా!"