మోటుపల్లి దారిలో దొరికిన జరీ కండె

నా చిన్నప్పుడు మా వీధిలో ఒక మేష్టారు ఉండేవారు. మా బడిలో సోషలు చెప్పి రిటైరయ్యారు. బడికి వెళ్ళడం మానినా పాఠం చెప్పడం మానలేదని మా నాయనమ్మ ఆయన్ని ఎగతాళి చేసేది. ఏటా ఫాల్గుణ మాసంలో, మిరపకాయలు కల్లాల్లో ఎండుతూ ఊరంతా ఘాటెక్కి ఉండే రోజుల్లో, ఒక ఆదివారం ఆయన వ్యాను మాట్లాడి వీధిలోవాళ్ళని ఏదో ఒక పాత ఊరు చూపించడానికి తీసుకెళ్ళేవారు. పొద్దున్నే బయల్దేరి పొద్దుగూకేసరికి తిరిగొచ్చేవాళ్ళం. దారి పొడవునా ఆయనే చెప్పేవారు. వినేవాళ్ళు వినేవారు, నిద్రపోయేవాళ్ళు నిద్రపోయేవారు.

మాది అమరావతి. ఇప్పుడు ఆ పేరు చెబితే అందరికీ రాజధాని గుర్తొస్తుంది. అప్పుడు మా ఊరంటే గుడి, కృష్ణ ఒడ్డు, తవ్వి వదిలేసిన స్తూపం దిబ్బ, చుట్టూ పత్తి, మిరప చేలు. అంతే. మేష్టారు మాత్రం, రెండు వేల ఏళ్ళ కిందట ఇదే రాజధాని కదా అని, ఆ హోదా ఇంకా పోలేదన్నట్టే మాట్లాడేవారు. వ్యాను కదలగానే ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "రాజధాని నుంచి బయల్దేరుతున్నామర్రా. మర్యాదగా కూర్చోండి," అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు.

నాకు పదేళ్ళున్న ఏడాది మోటుపల్లి వెళ్ళాం. చీరాల దగ్గర, సముద్రానికి కూతవేటు దూరంలో ఉంటుంది. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు పట్నమని, దూరదేశాల ఓడలు వచ్చి ఆగేవని మేష్టారు వారం ముందునుంచీ చెబుతూనే ఉన్నారు. అమ్మానాన్నలకు కల్లం పని వదలదు కాబట్టి నేను నాయనమ్మతో వెళ్ళాను. వ్యానులో పద్నాలుగు మందిమి ఉన్నాం. నేను ఆకుపచ్చ పరికిణీ కట్టుకున్నాను. కొత్తది. అందుకే గుర్తుంది, ఇంకో కారణం కూడా ఉందనుకోండి, అది తర్వాత చెబుతాను.

పొన్నూరు దాటాక కొంత దూరంలో, రోడ్డు పక్కన మినుము చేలో ఒక చిన్న లారీ బోర్లాపడి ఉంది. అప్పటికి ఎండ బాగా ఎక్కింది. మా డ్రైవరు బండి ఆపాడు. లారీలో ఉన్నవి నేత చీరలు. మూటలు పగిలి, చీరలు మడతలు విప్పుకుని చేనంతా పరుచుకుని ఉన్నాయి. పక్క ఊరివాళ్ళు ఏరుకుంటున్నారు. దొంగతనం చేస్తున్నట్టు కాదు, చేలో పని చేసుకుంటున్నట్టే వంగి ఏరుకుంటున్నారు. మావాళ్ళు చూద్దామని దిగారు. చూస్తూ చూస్తూ వాళ్ళూ వంగారు.

"ఎండకి పాడైపోతాయి కదే," అంది నాయనమ్మ, నేను అడక్కుండానే. కనకాంబరం రంగు చీర ఒకటి మట్టి దులిపి, మడిచి, చంకలో పెట్టుకుంది. మా నాయనమ్మ పక్కవాళ్ళ చెట్టు కరివేపాకు కూడా అడక్కుండా కోసేది కాదు. ఆ రోజు ఎలా వంగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అందరూ వంగుతుంటే వంగింది, అంతే అనుకుంటాను.

లారీ వెనక చక్రం నీడలో ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. దూరంగా ఇద్దరు ముగ్గురు నిలబడి మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ మనిషే అయ్యుంటాడు, వాళ్ళే చూసుకుంటారులే అని మావాళ్ళు అనుకున్నారు. ఆయనకి నాలుగడుగుల దూరంలో ఒక గుడ్డ సంచి చినిగి పడి ఉంది. దాంట్లోంచి ఏదో మెరిసింది. వెళ్ళి తీశాను. వేలెడంత పుల్లకు చుట్టిన జరీ దారం, నేతవాళ్ళు కండె అంటారు. బంగారమే అనుకున్నాను. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని తలెత్తేసరికి ఆ ముసలాయన నన్నే చూస్తున్నాడు. పడుకునే, చెయ్యి ఎత్తి నా వైపు ఊపాడు. నన్ను పట్టేసుకున్నాడనుకున్నాను. వెనక్కి చూడకుండా వ్యానులోకి పరిగెత్తాను.

మేష్టారు బండి దిగలేదు. ముందు సీట్లో తన నోటుపుస్తకం చూసుకుంటున్నారు. మావాళ్ళు చీరలతో ఎక్కుతుంటే ఒకసారి తల తిప్పి చూశారు, మళ్ళీ పుస్తకంలోకి వెళ్ళిపోయారు. అక్కణ్ణుంచి చీరాల దాకా దారిలో ఏమీ చెప్పలేదు.

మోటుపల్లిలో పట్నం ఏమీ లేదు. ఇసుక, తాడిచెట్లు, కొన్ని ఇళ్ళు, ఒక పాత గుడి. ఆ గుడి మండపంలో అక్షరాలు చెక్కిన రాతి స్తంభం ఉంది. దాని చుట్టూ మమ్మల్ని కూర్చోబెట్టి మేష్టారు చెప్పడం మొదలుపెట్టారు. ఏయే సరుకులొచ్చేవో ముందు చెప్పారు. గంధం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు. "మరి మిరపకాయలో?" అంది నాయనమ్మ. మిరప అప్పటికి మన దేశానికే రాలేదని మేష్టారు చెబితే ఆమె నమ్మలేదు. మిరప లేకుండా మనుషులు అన్నం ఎలా తిన్నారని అడిగింది. కొందరు నవ్వారు.

తర్వాత ఆయన రాతి మీద చెయ్యి ఆనించి నిదానంగా చెప్పారు. తుఫానుకి దారి తప్పిన ఓడలు, పగిలిన ఓడలు ఈ ఒడ్డుకి కొట్టుకొస్తే, అంతకుముందు పాలించినవాళ్ళు వాటిలో ఉన్నదంతా లాక్కునేవాళ్ళట. ప్రాణాలకి తెగించి సముద్రం మీద తిరిగేవాళ్ళ దగ్గర మేము అలా తీసుకోము, న్యాయంగా రావలసిన సుంకం తప్ప ఏదీ ముట్టము అని కాకతీయ రాజు ఈ రాతి మీద చెక్కించి మాట ఇచ్చాడట. అదే ఈ శాసనం. అంతవరకే చెప్పారు. లారీ మాట ఎత్తలేదు, ఎవరి మొహమూ చూడలేదు. ఏటా చెప్పే పాఠంలాగే చెప్పి, "ఇక భోజనాలు కానివ్వండి," అన్నారు.

ఎవరికీ ముద్ద దిగలేదు. ఒకావిడ మాత్రం, "రాజులకేం, ఎన్నైనా చెక్కిస్తారు," అంది. నాయనమ్మ చెయ్యి కడుక్కుని మేష్టారి దగ్గరికి వెళ్ళింది.

"అన్నయ్యగారూ, పోయేటప్పుడు ఆ లారీ కాడ బండి ఆపించండి."

"అలాగేనమ్మా," అన్నారాయన.

తిరుగు దారిలో ఆగేసరికి చేను ఖాళీగా ఉంది. ముసలాయనని బాపట్ల ఆస్పత్రికి తీసుకెళ్ళారట. ఆయన కొడుకు చీరాల నుంచి వచ్చి, మిగిలిన నాలుగు చీరలూ ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నాయనమ్మ చీర తీసుకెళ్ళి ఇచ్చింది. అతను థ్యాంక్సు చెప్పలేదు, తిట్టనూ లేదు. అంచు పట్టుకుని చూసి, "మా ఇంటిదే. మా ఆవిడ నేసింది," అన్నాడు. నాయనమ్మ వెనకాల ఇంకో ముగ్గురు దిగి ఇచ్చారు. మిగిలినవాళ్ళు దిగలేదు. మేష్టారు దిగారు. అతని పక్కన కూర్చుని, ఏ వీధి, ఎవరింటి పక్కన అని అడిగి రాసుకున్నారు.

వ్యాను ఎక్కబోతుంటే అతను లేచి వచ్చాడు.

"మా నాన్న దగ్గర జరీ కండెల సంచొకటి ఉందండీ. నేతకిచ్చిన జరీలో మిగిలింది షావుకారుకి తిరిగి ఒప్పజెప్పాలి. అన్నీ దొరికాయిగానీ ఒక కండె లేదు. ఎవరైనా చూశారామ్మా?"

అందరూ చూడలేదన్నారు. నేనూ తల అడ్డంగా ఊపాను. కండె నా పరికిణీ బొందు మడతలో ఉంది. ఊరు చేరేదాకా అది నా నడుముకి ఒత్తుకుంటూనే ఉంది.

దాన్ని ఇంట్లో నా చింతగింజల డబ్బాలో దాచాను. తీసి చూసుకుందామంటే భయం. ముసలాయన ఊపిన చెయ్యే కళ్ళ ముందు ఆడేది. నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు బడి నుంచి నేరుగా మేష్టారి ఇంటికి వెళ్ళి కండె ఆయన బల్ల మీద పెట్టేశాను. ఏడుద్దామనుకున్నాను, ఏడుపు రాలేదు. ఆయన దాన్ని మళ్ళీ నా చేతికే ఇచ్చారు. "ఆదివారం బస్సులో చీరాల వెళ్దాం. మీ నాయనమ్మకి నువ్వే చెప్పుకో," అన్నారు.

చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఆదివారం పొద్దున్నే కూర్చోబెట్టి జడ గట్టిగా లాగి వేసింది. కొత్త ఎండుమిరపకాయలు ఒక మూట కట్టి ఇచ్చి, "ఆ ఇంటికి ఉత్త చేతుల్తో పోబాక," అంది.

చీరాలలో ఆ వీధిలో ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే. మేము వెతుక్కుంటూ వెళ్ళిన ఇంట్లో కోడలు గుంట మగ్గంలో కూర్చుని నేస్తోంది. పక్కనే మంచం మీద ముసలాయన, తొడ నుంచి కిందిదాకా కట్టు. నేను కండె చాపాను. కోడలి చేతిలో మగ్గం ఆగిపోయింది.

"దీనికోసం షావుకారు మా మామయ్యని దొంగన్నారండీ," అంది మేష్టారితో. నాతో మాట్లాడలేదు. "జరీ అమ్ముకుని నెపం లారీ మీద పెట్టాడన్నారు. నలభై ఏళ్ళ నుంచి నేస్తన్న మనిషిని."

మేష్టారు, షావుకారు దగ్గరికి తాను వెళ్ళి జరిగింది చెబుతానన్నారు. చెప్పారు కూడా, ఆ సాయంత్రమే, నన్ను పక్కన నిలబెట్టుకుని. కానీ దానికి ముందు జరిగింది చెప్పాలి.

ముసలాయన నన్ను గుర్తుపట్టాడు. "ఆకుపచ్చ పరికిణీ పిల్లవి కదూ," అన్నాడు. గొంతులో కోపం లేదు. "నా సంచి కాడే వంగావు. చూశా."

"చెయ్యి ఊపావుగా తాతా. అందుకే భయమేసి పారిపోయా," అన్నాను.

"పట్టుకోటానికి కాదే పిచ్చిపిల్లా. నోరు ఎండిపోయి మాట రాలేదు. నీళ్ళు కావాలని ఊపా."

మా వ్యానులో రెండు కూజాల నిండా నీళ్ళున్నాయి. ఆ సంగతి మేష్టారికి, నాకు ఒకేసారి గుర్తొచ్చి ఉండాలి. ఆయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ ఉండిపోయారు. ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరూ ఊరుకోమనలేదు. కాసేపటికి ముసలాయనే అన్నాడు, "ఇప్పుడు తెచ్చియ్యి మరి. ఆ మూల కుండ ఉంది."

ముంత ముంచి తెచ్చాను. తొందరలో సగం ఒలికింది. ఆయన తల కొంచెం ఎత్తి, మిగిలిందంతా ఆగకుండా తాగాడు. "ఇంకో ముంత," అన్నాడు. అదీ తాగాడు. కోడలు మిరపకాయల మూట లోపల పెట్టి మళ్ళీ మగ్గంలో కూర్చుంది. మేము వెళ్ళేముందే ఇచ్చి ఉంటారు ఆయనకి నీళ్ళు, అప్పుడు దాహం లేనేలేదు అని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. నాకోసం తాగాడు.

తిరిగొచ్చే బస్సులో మేష్టారు కిటికీలోంచి మినుము చేలు చూస్తూ కూర్చున్నారు. తర్వాత, పాఠం చెప్పే గొంతుతో కాకుండా, తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు. "ఆ రాయి ఎందుకు చెక్కాల్సొచ్చిందంటావు? అందరూ ఎత్తుకుపోతుంటేనే కదా, తీసుకోము అని రాయాల్సొచ్చింది. మనలాంటివాళ్ళు అప్పుడూ ఉన్నారు." కాస్త ఆగి, "మీరు దిగి చీరలు తీశారు. నేను దిగనే లేదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడలకి ఎవరు ఏం చేశారో చదువుకుంటూ కూర్చున్నా. ఆ మనిషి అద్దంలోంచి నాకూ కనిపించాడు," అన్నారు.

పెద్దవాళ్ళు పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ తర్వాత ఏడాది కూడా ఆయన వ్యాను మాట్లాడారు. బయల్దేరేటప్పుడు రాజధాని మాట అనలేదు.

ఆ చీరాల తాతని మళ్ళీ చూడలేదు. కట్టు విప్పాక కర్ర సాయంతో నడుస్తున్నాడని కొడుకు మేష్టారికి కార్డు రాశాడు. మేష్టారు, నాయనమ్మ పోయి చాలాకాలమైంది. నాకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఇప్పుడు మా వైపు రోడ్లన్నీ వెడల్పయ్యాయి, బళ్ళు పెరిగాయి, పడేవీ పెరిగాయి. దారిలో బండి పడిందని తెలిస్తే నా వాళ్ళు కారు ఆపవద్దంటారు, పోలీసులు, కేసులు అంటారు. నేను ఆపిస్తాను. ముందు మనుషులెక్కడున్నారో చూస్తాను. నీడలో పడుకున్నవాళ్ళనీ, చెయ్యి ఊపేవాళ్ళనీ చూస్తాను. ఎక్కడికి వెళ్ళినా నా సంచిలో నీళ్ళ సీసాలు రెండుంటాయి. ఒకటి నాది. రెండోదాని మూత నేను తియ్యను, ఎంత దాహమేసినా.