కొబ్బరికాయ లేచి నిలబడ్డ చోటు

పోయిన వేసవిలో మా బోరు నీళ్ళకు బదులు గాలి కక్కడం మొదలుపెట్టింది. టూసాన్ ఊరి చివర, కొండకూ ఎడారికీ మధ్య ఉంది మా ఇల్లు. సిటీ నీళ్ళు ఇంత దూరం రావు. కొత్త బోరులో నీళ్ళు పడకపోతే ఇల్లు ఖాళీ చేయాలి. నా భార్య కన్నుమూసింది ఈ ఇంట్లోనే. దీన్ని వదలడమంటే ఆమెను రెండోసారి సాగనంపడమే.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమె పని భూగర్భ జలాల మీదే. చలికాలం పొద్దున్నే కాఫీ కప్పుతో పెరట్లో మల్లెపాదు పక్కన నిలబడి, కొండ మీది మంచు చూసేది. ఇక్కడ మైదానంలో పడ్డ వానను చాలావరకు ఎండే తాగేస్తుందని చెప్పేది. కొండ మీది మంచు అలా కాదు. మెల్లగా కరిగి రాతి పగుళ్ళలోకి దిగుతుంది. మిగిలింది వాగై వచ్చి, కొండ మొదట్లో గులకరాళ్ళ కింద ఇంకిపోతుంది. ఏళ్ళ తరబడి నేలలో నడిచి బోర్లకు చేరుతుంది.

"మనం తాగేది మనం పుట్టకముందు కురిసిన మంచు కావచ్చు," అంది ఒకసారి. ప్రతి మాటకూ రుజువడిగే నేను ఆ మాటకు మాత్రం ఊరుకున్నాను.

బోరు సంగతి విని ఆమె తమ్ముడు కాపెల్ ఊరి నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చాడు. కారులోంచి సూట్‌కేసు కంటే ముందు ఇండియన్ స్టోర్‌లో కొన్న కొబ్బరికాయ తీశాడు. కాయను అరచేతిలో పడుకోబెట్టుకుని నడిస్తే, నీళ్ళున్న చోట అది లేచి నిలబడుతుందని మావైపు నమ్మకం. కాలేజీ రోజుల నుంచీ నేను వేదికలెక్కి ఏకిపారేసిన నమ్మకం. తన పెళ్ళిలో పురోహితుడితో నేను పెట్టుకున్న వాదన అతను ఇంకా మరిచిపోలేదు.

"బావా, ఉపన్యాసం తర్వాత. ముందు చెయ్యి చాపు," అన్నాడు.

అది అబద్ధమని చూపించడానికే చాపాను. గేటు దగ్గర కాయ కదల్లేదు. కొండవైపు ఎండిన వాగు పక్కనా కదల్లేదు. తిరిగి వస్తూ మల్లెపాదు దాటబోతుంటే, నా అరచేతిలో లేచి నిలబడింది.

అతను పగలబడి నవ్వాడు. కాయకున్న మూడు కళ్ళకూ నేల కింద ఏముందో కనపడదు. దాన్ని లేపేది చెయ్యే. మనసు ఎక్కడ ఆశపడుతుందో అక్కడ వేళ్ళు మనకు తెలియకుండానే వంగుతాయి. ఎన్ని సభల్లో చెప్పానో ఈ మాట. దానికి రుజువు నా చేతిలోనే ఉంది.

"ఇక్కడే వేయిద్దామా మరి?" అనడిగాడు.

"అది లేచింది ఇక్కడ నీళ్ళుంటాయని కాదురా. మీ అక్క ఇక్కడ నిలబడేది."

అతని నవ్వు ఆగిపోయింది. కాయ తీసుకుని లోపలికి వెళ్ళి పచ్చడి చేశాడు. ఉప్పు ఎక్కువైంది. అయినా ఇద్దరం తిన్నాం.

బోరు వాగు పక్కనే, ఆమె చెప్పిన గులకరాళ్ళ నేలలో వేయించాను. చాలా లోతుకు దిగాక బురదతో కలిసి నీళ్ళొచ్చాయి. ఇల్లు నిలిచింది.

ఆమె, నేను కలిసి ఆ పెరట్లో నిలబడి చూసిన మంచు ఇంకా నేల కింద దారిలోనే ఉండి ఉంటుంది. అది వచ్చేదాకా నేనుండను. ఆ సంగతి తెలిసీ, కుళాయి తిప్పినప్పుడల్లా గ్లాసు నోటి దాకా తెచ్చి ఒక్క క్షణం ఆగుతాను.